సరిపోడని చెప్పారు

ఫిబ్రవరి 9

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు ఆ కొండల్లోకి క్షేమంగా చేరావని నీ భార్య ఫోన్ చేసి చెప్పింది. ఇక కొన్ని నెలలు నువ్వు ఫోనుకి అందవు కాబట్టి మనిద్దరికీ మళ్ళీ ఈ కాగితాలే గతి. నాకైతే ఇదే నయం. ఇంట్లో ఫోను ఎత్తితే చాలు, అన్నయ్య మంచం మీద నుంచే "ఎవరూ? వాడేనా? ఏమంటున్నాడు? స్పీకరు పెట్టవే" అని మొదలెడతాడు. ఉత్తరానికి స్పీకరు లేదు, బతికిపోయాం.

అసలు సంగతికొస్తాను. నిన్న ఆస్పత్రివాళ్ళు నన్నూ వదిననీ రమ్మన్నారు. కిడ్నీ డాక్టరమ్మ, ఆవిడ పక్కన కిడ్నీ ఇచ్చేవాళ్ళతో మాట్లాడే కౌన్సెలరు, ఇద్దరూ కూర్చుని ఉన్నారు. అన్నయ్యకి ఇవ్వడానికి నువ్వు సరిపోవని చెప్పారు. అంతే, ఆ ఒక్క ముక్క. వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను ఊరుకుంటానా? "రక్తం కలిసిందన్నారు, స్కానింగులు బాగున్నాయన్నారు, సెలవు పెట్టించి మరీ పరీక్షలన్నీ చేశారు. ఇంతలో ఏమొచ్చింది?" అని నిలదీశాను. "కారణం ఆయన సొంత విషయమమ్మా. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదు, అది మా పద్ధతి" అంది డాక్టరమ్మ. ఎంత గింజుకున్నా ఆవిడ నోట్లోంచి ఇంకో మాట రాలదు.

వదినకి షుగరు కాబట్టి ఆవిణ్ణి మొదటే పక్కన పెట్టేశారు కదా. ఇక మిగిలింది నేనే. ఆ కుర్చీలోంచి లేవకుండానే నా పేరు ఇచ్చి వచ్చాను.

అన్నయ్యకి చెప్పాం. "పోనీలే. వాడి ఇంజనుకే రిపేరు ఉందేమో, నాకేం ఇస్తాడు పాపం" అన్నాడు. ఇరవయ్యేళ్ళు డ్రైవింగు స్కూల్లో జనానికి స్టీరింగు నేర్పినవాడు, ఏం మాట్లాడినా బండి భాషే. నవ్వించడానికే అన్నాడు గానీ ఆ మాట నన్ను వదలడం లేదు.

నీకు వేరేగా ఏమైనా చెప్పారా? చెబితే దాచకుండా రాయి. కళ్ళద్దాల షాపులో కూర్చుని రోజంతా అద్దాల అంచులు అరగదీస్తున్నానన్న మాటే గానీ నా ధ్యాసంతా నీ మీదే ఉంది.

నీ అక్క


ఫిబ్రవరి 21

అక్కా,

నీ ఉత్తరం ఉల్లిపాయల బస్తాల మధ్య ప్రయాణం చేసి వచ్చింది. వారం పది రోజులకోసారి కొండెక్కే సరుకుల లారీయే మాకు పోస్టాఫీసు. కవరు తెరిస్తే చదవకముందే కళ్ళమ్మట నీళ్ళు. "ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడ్రోయ్" అని మావాళ్ళంతా ఏడిపించారు.

ఇక్కడ సొరంగంలో రాయి గట్టిపడింది. డ్రిల్లు మిషను మొరాయిస్తోంది. పైనుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. పొద్దున్న బూట్లేసుకుని దిగితే సాయంత్రం బూట్లు విప్పి చూసుకున్న పాదాలు నావేనా అనిపిస్తుంది. తెల్లగా పాలిపోయి, ఉబ్బిపోయి ఉంటాయి.

ఆస్పత్రి సంగతి అడిగావు. నాకూ పెద్దగా విడమరిచి చెప్పలేదక్కా. బీపీ కాస్త అటూ ఇటూగా ఉందన్నారు, ఇంకా ఏవో అన్నారు. ఇలాంటివి మామూలేనట. నువ్వు గోరంతని కొండంత చెయ్యకు. నా భార్య దగ్గర మాత్రం ఈ మాట ఎత్తకు, అసలే కడుపుతో ఉంది. మళ్ళీ వచ్చినప్పుడు చూపించుకుంటాలే.

అన్నయ్యకి నా మొహం ఎలా చూపించాలో తెలియడం లేదు. నా గురించి ఇంకేమైనా అన్నాడా? నీ పేరు ఇచ్చావన్న ముక్క రెండుసార్లు చదివాను. నీది సరిపోతే మనకి అంతకంటే ఏం కావాలి.

మేస్త్రీ పిలుస్తున్నాడు, ఉంటాను.

చిన్నోడు


మార్చి 4

చిన్నోడికి,

కబుర్లు చాలా ఉన్నాయి, కాళ్ళు చాపుకుని తీరిగ్గా చదువు.

ఒక రోజంతా ఒంటేలు డబ్బాలో పట్టి తెమ్మన్నారు. ఆ డబ్బా సంచిలో పెట్టుకుని కిక్కిరిసిన బస్సులో నిలబడ్డాను. కూర్చున్న పెద్దావిడ ఎవరో "బరువుగా ఉన్నట్టుంది, ఇలా ఇవ్వమ్మా, ఒళ్ళో పెట్టుకుంటా" అంది. వద్దంటే వినదే! సంచి లాక్కుని ఆస్పత్రి దాకా పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చి చెబితే అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. అన్నయ్య అలా నవ్వి ఎన్నాళ్ళైందో.

డయాలసిస్ గదిలో కూడా తన గొడవ తనదే. నర్సు మిషను తోసుకొస్తుంటే "వెనక చూసుకో తల్లీ, కుర్చీ ఉంది, బ్రేకు, బ్రేకు!" అంటూ కుడికాలు నేలకేసి తొక్కుతాడు. ఆ పిల్ల నిజంగానే ఆగిపోతుంది. వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు ఆ కుర్చీలో కూర్చుని లేచేసరికి మనిషి వడిలిపోతాడు. నాలుక పిడచకట్టుకుపోతున్నా గుక్కెడు నీళ్ళకి మించి తాగకూడదు. మొన్న నేను మంచినీళ్ళు తాగుతుంటే చూశాడు చూడు, ఆ చూపుకి నాకు నీళ్ళు గొంతు దిగలేదు. ఇప్పుడు వంటింట్లోకి వెళ్ళి, తలుపు చాటున తాగుతున్నాను.

ఇక మంచి మాట. నేను సరిపోయాను రా. ఈ వయసులో ఇంత శుభ్రంగా ఉన్న కిడ్నీలు అరుదంది డాక్టరమ్మ. వచ్చే నెలలో ఆపరేషను పెట్టుకోవచ్చట. వదిన ఆస్పత్రి వరండాలోనే నన్ను వాటేసుకుని ఏడ్చింది. నా వంటకి వంక పెట్టకుండా ఒక్క ముద్ద దించని మనిషి, అలాంటిది.

ఇప్పుడు నీ సంగతి. పాదాలు ఉబ్బుతున్నాయని రాశావు. పని వల్లే అంటావు. నాన్న కూడా అదే అన్నాడు. చెప్పులు పట్టడం లేదని ఒక సైజు పెద్దవి కొనుక్కొస్తే "ఈ వయసులో పాదాలు పెరుగుతున్నాయేమిటి" అని మనమంతా ఎగతాళి చేశాం. ఆ పెద్ద చెప్పులు అరగకముందే మనిషి పోయాడు. అందుకని అడుగుతున్నాను, విసుక్కోకు. పొద్దున్న లేవగానే మొహం ఉబ్బుతోందా? ఒంటేలులో నురగ వస్తోందా? అన్నం సయిస్తోందా? ఒక్కొక్కదానికీ జవాబు రాయి.

నీ అక్క, చెయ్యి నొప్పెడుతోంది కాబట్టి ఆపుతున్నాను


మార్చి 16

అక్కా,

నీది సరిపోయిందని చదవగానే కేక పెట్టాను. గుడారంలో పడుకున్నవాళ్ళు రాయి పడిందనుకుని లేచి బయటికి పరిగెత్తారు. నా గుండెల మీద నుంచి ఎంత బరువు దిగిందో నీకు చెప్పలేను. నీ కాళ్ళకి దణ్ణం పెట్టాలి. వదిన ఏడ్చిందంటే నేను నమ్మను, కళ్ళలో దుమ్ము పడి ఉంటుంది.

ఆ పెద్దావిడ సంగతి ఇక్కడ అందరికీ చెప్పాను. మా వంటవాడు ఇప్పుడు ఏ డబ్బా కనిపించినా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాడు.

నా ఆరోగ్యం గురించి ప్రశ్నల చిట్టా రాశావు. నురగ ఎప్పుడైనా ఉంటుందిలే, ఇక్కడ మేం నీళ్ళు సరిగ్గా తాగం. మొహం సంగతి తెలీదు, ఈ గుడారంలో అద్దం లేదు. అన్నం కొంచెం తగ్గింది, అది వంటవాడి చలవ. డాక్టర్లు చెప్పిందేదో చెప్పారు, అయిపోయింది. నా మీద నుంచి దృష్టి తీసి అన్నయ్యని చూసుకో. ఆపరేషను తేదీ రాయి. ఆ రోజు నేను సొరంగంలోకి దిగను.

నీ చిన్నోడు


ఏప్రిల్ 3

చిన్నోడా,

ఆపరేషను తేదీ అడిగావు. తేదీ లేదు. ప్రస్తుతానికి ఆపమని నేనే చెప్పాను.

ఆఖరి సంతకాలకి ముందు కౌన్సెలరు నన్ను ఒంటరిగా కూర్చోబెట్టుకుని మాట్లాడింది. ఎవరైనా బలవంతం చేస్తున్నారా, మనస్ఫూర్తిగానే ఇస్తున్నారా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఇప్పుడు కాదు, కొంతకాలం ఆగండి అన్నాను. ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పాలో తాము చూసుకుంటామంది. అక్కర్లేదు, మావాళ్ళకి నేనే చెప్పుకుంటానని చెప్పి వచ్చాను. అలాగే చెప్పాను కూడా. వదిన చేతిలో గిన్నె సింకులో పడేసి లోపలికి వెళ్ళిపోయింది. అన్నయ్య మాత్రం ఫాను కొంచెం పెంచమన్నాడు.

ఎందుకని అడగకు. నా కారణాలు నాకున్నాయి. అన్నయ్యకి డయాలసిస్ సాగుతూనే ఉంది. తన పక్క కుర్చీలో కూర్చునే టైపు మాస్టారు ఏళ్ళ తరబడి అలాగే నెట్టుకొస్తున్నాడు, మనవల్ని కూడా చూసుకున్నాడు. అంటే ఇప్పటికిప్పుడు మించిపోయిందేమీ లేదు.

నువ్వు మాత్రం కొండ దిగి ఒకసారి రక్త పరీక్ష చేయించుకో. ఇది నా మాటగా కాదు, ఒట్టుగా అనుకో. రిపోర్టు నాకు పంపు.

అక్క


ఏప్రిల్ 17

అక్కా,

నీ ఉత్తరమూ, నా భార్య ఉత్తరమూ ఒకే లారీలో వచ్చాయి. వదిన దానికి ఫోన్ చేసి గంటసేపు ఏడ్చిందట. అన్నయ్య తిండి మానేశాడట. అడిగితే "ఆకలి లేదు" తప్ప ఇంకో మాట లేదట. నువ్వేమో ఫాను పెంచమన్నాడని రాశావు!

ఎలా మనసొప్పింది నీకు? అన్నీ కలిసి, డాక్టర్లు సరేనని, మంచం వేసి పిలిస్తే, ఆగమంటావా? టైపు మాస్టారు బతికాడు కాబట్టి అన్నయ్యా బతుకుతాడని లెక్కలా? అంత భయమైతే మొదటే పేరు ఎందుకిచ్చావు? చేతికందే పండు చూపించి వెనక్కి తీసుకోవడం కాదా ఇది?

నాకే గనక అవకాశం ఉండి ఉంటే ఈపాటికి బల్ల ఎక్కి పడుకునేవాణ్ణి. మాటిమాటికీ నా కాళ్ళు, నా రక్తం అంటూ నా మీదికి తోస్తావెందుకు? నీ సంగతి మాట్లాడు. నీకు మొగుడా, పిల్లలా? ఎవరికోసం దాచుకుంటున్నావు దాన్ని?

కోపంలో రాశాను. కానీ కొట్టెయ్యను. చదువుకో.

తమ్ముడు


మే 6

తమ్ముడూ,

ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయకూడదనుకున్నాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి అన్నయ్య చేతిలో కలిపిన నరం మూసుకుపోయింది. మెడలో గొట్టం వేసి దాంతో నడిపిస్తున్నారు. ఆ గొట్టం దగ్గర చీము పట్టింది. మూడు దుప్పట్లు కప్పినా వణుకు ఆగడం లేదు. నిన్న నర్సు మంచానికి గుద్దుకుంటూ ట్రాలీ తోసుకెళ్ళినా అన్నయ్య కళ్ళు తెరవలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

ఎవరికోసం అని అడిగావు. నీకోసం రా.

నాన్నకి కిడ్నీలు పోయాయి. అన్నయ్యకి పోయాయి. నువ్వు సరిపోవని చెప్పారు, ఎందుకో మాత్రం చెప్పలేదు. బీపీ అని నువ్వే రాశావు. కాళ్ళ వాపు నువ్వే రాశావు. నురగ నువ్వే రాశావు. నీ భార్యకి చెప్పొద్దని కూడా నువ్వే రాశావు. ఇంకా ఏం కావాలి నాకు? నీకూ మొదలైందని అర్థమైపోయింది. నీకు పూర్తిగా తెలుసో, తెలిసి దాస్తున్నావో, డాక్టర్లు సగమే చెప్పారో మాత్రం తెలియలేదు. అందుకే నోరు మెదపలేదు. అన్నయ్యకి చెబితే తన సంగతి పక్కన పెట్టి నీ గురించి కుమిలిపోతాడు. వదినకి చెబితే మొగుడు బతకాలా మరిది బతకాలా అని ఆవిడ ముందు పెట్టినట్టవుతుంది. అంత అన్యాయం నేను చెయ్యలేను.

డాక్టరమ్మని ఒకసారి మాటల్లో పెట్టి అడిగాను. "ఒకటి ఇచ్చేశాక ఇంట్లో ఇంకొకరికి అవసరం పడితే ఎలాగండీ?" అని. "ఇక ఇవ్వడానికి ఏముంటుందమ్మా, మిగిలిన ఒక్కటీ మీరు బతకడానికి" అంది. ఆ రోజు షాపులో ఒకాయన కళ్ళద్దాలకి కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ బిగించి పంపాను. ఆయన తిరిగొచ్చి తిట్టేదాకా తెలియలేదు.

అన్నయ్య పిల్లలు చేతికొచ్చారు. చనిపోయినవాళ్ళ కిడ్నీల కోసం కట్టిన వరసలో పేరుంది. గడప దాటితే డయాలసిస్ ఉంది. నీకేముంది? ఆ కొండల్లో నీకు మిషను ఎక్కడ, డాక్టరు ఎక్కడ? ఒక పసిది, కడుపులో ఇంకొకటి. నాది అన్నయ్యకి ఇచ్చేశాక, నువ్వు వాచిన కాళ్ళతో నా గుమ్మంలోకి వస్తే నీ మొహం ఎలా చూడాలి? నా ఒంట్లో ఇవ్వడానికి ఉన్నది ఒకటి, తోడబుట్టినవాళ్ళు ఇద్దరు. అన్నయ్య ఆగగలడనుకున్నాను. చిన్నవాడివని నీకు ఉంచాను.

ఇప్పుడు ఇక్కడ వార్డులో అన్నయ్య మొహం చూస్తుంటే తప్పు లెక్క వేశానేమో అనిపిస్తోంది. జ్వరం తగ్గితే ఆపరేషనుకి ఇంకా వీలుందంటున్నారు. నాకు ఒక్క మాట రాయి. నీ రిపోర్టుల్లో ఏముంది? నీకు ఇంకా కొన్నేళ్ళు పడుతుందంటే ఇప్పుడే ఇచ్చేస్తాను. లేదంటే ఏం చెయ్యాలో అదీ నువ్వే చెప్పు. నా ఒక్కదాని వల్ల కావడం లేదు.

నీ అక్క


మే 14

అక్కా,

నా కిడ్నీలు రెండూ బాగానే ఉన్నాయి. నాకు ఏ జబ్బూ లేదు. ముందు ఈ మాట చదివి వెంటనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. నీది అన్నయ్యకి ఇచ్చెయ్. మిగతాది తర్వాత చదువు, చదవకపోయినా ఫరవాలేదు.

అన్నీ కలిశాక ఆ కౌన్సెలరు నన్నూ ఒంటరిగా కూర్చోబెట్టుకుంది. "మీకు మనస్ఫూర్తిగా ఇష్టమేనా?" అంది. ఇష్టమే అని చెప్పడానికే నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. నా వల్ల కాదండీ, ఇంట్లో చెప్పే ధైర్యం కూడా లేదండీ అన్నాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "ఇష్టం లేనివాళ్ళ దగ్గర మేం తీసుకోం. ఇంట్లో గొడవలు కాకుండా మీరు సరిపోరని మాత్రం చెబుతాం. కారణం ఎవరడిగినా చెప్పం" అంది. నాలాంటివాళ్ళు చాలామందే ఉంటారట. ఆ గదిలోంచి బయటికొస్తుంటే ఉరి తప్పించుకున్నవాడిలా ఊపిరి పీల్చుకున్నాను. ఎదురుగా బెంచీ మీద వదిన కూర్చుని ఉంది. "అయిందా, కాఫీ తాగావా?" అని అడిగింది.

ఒక కిడ్నీ ఉన్నవాణ్ణి కంపెనీ సొరంగంలోకి దింపదు, ఉద్యోగం పోతుంది, పిల్లలు రోడ్డున పడతారు అని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. నాకు భయం వేసింది, అంతే. కొండ కింద పని చేసేవాడికి కత్తంటే భయమేమిటని అడుగుతావు. ఏమో అక్కా, వేసింది.

ఆ తర్వాత నువ్వు అడిగినప్పుడల్లా అబద్ధం నిలబడాలని ఒక్కో ముక్క అతికించాను. బీపీ లేదు. నురగ లేదు. కాళ్ళు వాచేది నిజంగా బూట్ల వల్లే. నువ్వు ఆ ముక్కలన్నీ ఏరుకుని నన్ను రోగిని చేసుకుంటావని నాకు తట్టలేదు. ఎవరికోసం దాచుకుంటున్నావని నిన్ను అడిగింది ఈ నోటితోనే. ఆ ఉత్తరం చింపెయ్, నీకు పుణ్యం ఉంటుంది.

ఈ లారీలోనే వచ్చేద్దామనుకున్నాను. నా బదులు మిషను నడపడానికి మనిషి దొరికేదాకా వదలనన్నాడు ఇంజనీరు. మనిషి కోసం చూస్తున్నాను. లారీ రేపు పొద్దున్నే దిగిపోతుంది కాబట్టి ముందు ఇది పంపుతున్నాను. తర్వాతి లారీకి నేనే వస్తాను. నీది వద్దన్నా, ఆలస్యమైనా, నాది తీసుకోమని చెప్పు. ఈసారి వెనక్కి పోను.

అన్నయ్యకి ఎలా చెప్పాలో నువ్వే చూడు.

తమ్ముడు


మే 22

తమ్ముడూ,

అన్నయ్య మొన్న పోయాడు. మీ కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేయించాం. ఆ కబురు కొండ మీదికి చేరిందో లేదో తెలియదు, అందుకని రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చేసరికి అన్నయ్యకి తెలివి ఉంది. మొదటి నాలుగు ముక్కలు గుమ్మంలోనే చదివి, మిగతాది చదవకుండా చెప్పులు కూడా వేసుకోకుండా ఆస్పత్రికి పరిగెత్తాను. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఇవాళే తీసుకోండి అన్నాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టింది. గొట్టం దగ్గర పట్టిన చీము రక్తంలో కలిసి గుండెకి చేరిందట. గుండె కవాటం పాడైపోయిందట. ఇప్పుడు మత్తు ఇస్తే బల్ల మీదే పోతాడంది. నెల ముందయితేనో అని అడిగాను. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు నా ముందుకి జరిపింది. నీ గురించి ఆవిడ అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. నేనూ నిందించలేదు. ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పాలో చూసుకుంటామని కౌన్సెలరు నాతో అన్నరోజే నాకు వెలగాల్సింది. తమ్ముడి విషయంలో అలాంటి ఊహే రాలేదు నాకు.

బయట బెంచీ మీద కూర్చుని అప్పుడు మిగతాది చదివాను.

నేను ఇస్తానని పరిగెత్తుకొచ్చిన సంగతి వార్డులో తెలిసిపోయింది. అన్నయ్య నన్ను దగ్గరికి పిలిచాడు. గొంతు రావడం లేదు. "ఇన్నాళ్ళూ ఆగమని, ఇప్పుడేమిటే?" అన్నాడు. పక్కన వదిన నిలబడి ఉంది. నీ ఉత్తరం నా చేతిలోనే ఉంది. నిజం చెబితే అన్నయ్య పోయేముందు నిన్ను పోగొట్టుకుంటాడు. నువ్వంటే అన్నయ్యకి ఎంత ప్రాణమో నాకు తెలుసు. "భయపడ్డానన్నయ్యా, కత్తంటే భయం వేసింది" అన్నాను. నీ మాటలే, నా నోటితో చెప్పాను.

వదిన ఆ మాట విని గదిలోంచి వెళ్ళిపోయింది. ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. పిల్లలు కూడా. నేనుంటున్న పై గది ఖాళీ చెయ్యమని కబురు పంపింది. ఆవిడ తప్పేం లేదు, ఆవిడ స్థానంలో నేనున్నా అదే చేస్తాను. సామాను షాపు వెనక గదిలోకి మార్చుకున్నాను. ఇకనుంచి ఉత్తరాలు ఆ చిరునామాకే.

నువ్వు వచ్చాక వదినకి నిజం చెప్పేస్తానని బయల్దేరకు. చెబితే నీ బరువు దిగుతుంది, ఆవిడకి మొగుడు తిరిగి రాడు, ఉన్న ఒక్క మరిదీ పోతాడు. నేను చెప్పిందే నువ్వూ చెప్పు. ఇది నీ మీద ప్రేమతో అంటున్నానని అనుకోకు. నీ మీద ఏముందో నాకిప్పుడు తెలియడం లేదు. నిన్ను తల్చుకుంటే ఒంట్లో మంట పుడుతోంది. ఆ వెంటనే నీ కాళ్ళు ఎలా ఉన్నాయో అనిపిస్తోంది. అలవాటు పడిపోయాను.

నీ భార్య బాగానే ఉంది. నెలలు నిండాయి, ఇవాళో రేపో అంటున్నారు. ముందు అక్కడికి వెళ్ళు. ఇక్కడ ఇక తొందర లేదు.

ఒకటి మాత్రం నీకు చెప్పాలి. భయపడ్డానని చెప్పాక అన్నయ్య నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నా చెయ్యి మీద చెయ్యి వేశాడు. "భయమేగా. దానికెందుకే ఏడుపు? ఇన్నేళ్ళూ నేను భయపడేవాళ్ళ పక్క సీట్లోనే కదా కూర్చున్నాను. వాళ్ళని తిట్టకూడదు. తిడితే ఇంకా బిగుసుకుపోతారు" అన్నాడు. ఆ తర్వాత అర్థమయ్యేలా ఏమీ మాట్లాడలేదు.

అది నాకు చెందిన మాట కాదు. నీకు రావలసింది నేను తీసుకున్నాను. అందుకే ఒక్క ముక్క పోకుండా రాసి పంపుతున్నాను, ఉంచుకో. నా తరఫున పంపడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ ఉత్తరం తెచ్చిన లారీలో నువ్వు కూడా ఎక్కి వచ్చి ఉంటే, అన్నయ్య ఆ మాట నీకే చెప్పేవాడు.

అక్క